పాత వాటర్ ప్లాంట్: రిపేర్ చేయాలా, కొత్తది కట్టాలా?

ఇవాళ్టి టాపిక్ మన నల్లా నీళ్ళు. నీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్ పాతబడితే కూలగొట్టి కొత్తది కట్టాలా, అప్‌గ్రేడ్ చేస్తే సరిపోతుందా?

హైదరాబాద్‌నే తీసుకోండి. 1908 మూసీ వరదల తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్ కట్టారు. ఆ నీళ్ళు పంపులు లేకుండానే పల్లానికి పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కి చేరేలా కాలువ వేశారు. కరెంటు ఖర్చు లేని దారి! ప్లాంట్ పాతదని దాన్ని కూడా పారేస్తామా? అంటే, ప్లాంట్ మొత్తం ఒకేసారి ముసలిదవ్వదు.

సో, పార్ట్ పార్ట్‌గా చూడాలి. కేంద్రం మాన్యువల్‌లో పంప్ హౌస్ బిల్డింగ్‌కి డిజైన్ పీరియడ్ 30 ఏళ్ళు, పంపులకి, మోటార్లకి 15 ఏళ్ళే. తొట్లు గట్టిగా ఉంటే ఫిల్టర్ ఇసుక, వాల్వులు, మోటార్లు మారిస్తే చాలు. తొట్లే పగుళ్ళిచ్చినా, జనం పెరిగి కెపాసిటీ చాలకపోయినా కొత్తది కట్టాల్సిందే.

మరి పని నడిచేటప్పుడు నీళ్ళెలా? సర్వర్లు ఆపకుండా అప్‌డేట్ చేస్తాం కదా, అట్లనే. ఒక ఫిల్టర్ ఆపి మిగతావి నడపాలి. అందుకు ముందే ఒకటి ఎక్స్‌ట్రా ఉండాలి.

మనకేంటి అంటారా? మిషన్ భగీరథ తొలి దశ 2016లో మొదలైంది. 15 కలపండి, 2031. మన మరిపెడ నల్లా వెనకున్న మోటార్లకీ ఆ టైమ్ దూరం లేదు. డబ్బులు, టెండర్, పని, అన్నిటికీ ఏళ్ళు పడతాయి. అందుకే ఇప్పుడే ఆఫీసర్లని అడగండి: మోటార్లు ఎప్పుడు బిగించారు, స్పేర్ ఉందా? నల్లాలో బురద నీళ్ళొచ్చాక అడిగితే లేటే. బై!