అతుకుల బొంత - అద్దకపు గుడ్డ

కావ్యమునకు గాని, ప్రసంగమునకు గాని పొందిక లేదని చెప్పదలచిన విమర్శకుడు దానిని 'అతుకుల బొంత' యని త్రోసిపుచ్చును. మాట చురుకైనదే; కాని బొంత విషయమున అన్యాయమైనది. పొందిక లేని బొంత ఒక్క చలికాలమైనను నిలువదు. ఏ చీర అంచు గట్టిది, ఏ పంచె నడుమ నలిగినది, ఏ ముక్క ప్రక్కన ఏ ముక్క నుంచిన లాగుడు సమానముగా పంచుకొనును అను విచక్షణ లేనిదే సూది ముందునకు సాగదు. పాతచీరలను పొరలుగా పరచి, మూలల బరువులు పెట్టి, దగ్గరదగ్గరగా దారము నడపిన పల్లెటూరి వృద్ధురాండ్రకు ఆ విచక్షణ పుష్కలముగా నుండెను. వారు దానిని కళ యనలేదు. పసిబిడ్డ క్రింద పరచు మెత్త యనిరి.

నేడు కొన్ని ఇండ్లలో భోజనపు బల్లపై నిలువున పరచు 'టేబుల్ రన్నర్' ఈ బొంతకు దూరపు చుట్టము. కుట్టి చేసిన రన్నరుకు పొరలు మూడు: పైన బొమ్మల గుడ్డ, నడుమ పలుచని దూదిపొర, అడుగున అస్తరు. ఈ మూటిని కలిపి కుట్టుటకే 'క్విల్టింగు' అని పేరు. పైపొరకు ముక్కలను అతుకుటకు మారుగా, ఒక చిత్రము సంపూర్ణముగా అచ్చొత్తిన గుడ్డను తీసికొనుట ఒక పద్ధతి. అట్టి గుడ్డను కుట్టుపనివారు 'పానెల్' అందురు. ఒకరు వేసిన బొమ్మపై మరియొకరు కుట్లు వేసిన, అందు కుట్టినవారి ప్రజ్ఞ ఏమున్నదని అడుగువారు కలరు. అది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. దాని సమాధానమునకై వెనుకకు నడచినచో, దారి బందరు రేవునకు చేరును.

బందరు రేవు నుండి

ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పిరి. వారు మొదట ఆశించినది తూర్పుదీవుల సుగంధద్రవ్యములను. ఆ దీవులవారు మారకముగా కోరినది కోరమాండల్ తీరపు గుడ్డలను. క్రమముగా ఆ గుడ్డయే ఐరోపా మనసును దోచినది. లండను నివాసి శామ్యూల్ పెపిస్ 1663 సెప్టెంబరులో తన భార్య గదిని అలంకరించుటకై రంగుల భారతీయ వస్త్రమును కొన్నట్లు దినచర్యలో వ్రాసికొనెను.

ఉతికినను వెలియని ఆ రంగులు వారికి వింత. దాని రహస్యము కలములో కంటె రసాయనములో నున్నది. గుడ్డకు ముందుగా కరకకాయ కషాయమును, పాలను పట్టింతురు. పటికనీరు తగిలిన చోటనే చిరివేరు ఎరుపు నిలుచును. ఇనుపముక్కలు ఊరిన బెల్లపునీరు కరకకాయతో కలిసి నలుపగును. నీలిమందు తొట్టిలో ముంచునపుడు నీలము కూడని భాగములను మైనముతో కప్పుదురు. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన ఫ్రెంచి మతాచార్యుడు కూర్దూ 1742లో ఈ పద్ధతిని వివరముగా లేఖలో వ్రాసి స్వదేశమునకు పంపెను. చేతిలోని విద్య కాగితమెక్కి కడలి దాటినది.

తీరమునుండి వెళ్లిన గుడ్డలలో మంచముపై కప్పు పెద్ద దుప్పట్లకు 'పలంపోర్' అని పేరు. అది 'పలంగ్‌పోష్' అను మాటకు రూపాంతరము. రాళ్లగుట్టపై మొలచి, దుప్పటి యంతయు కొమ్మలు చాచిన జీవవృక్షము వానిపై తరచుగా కనిపించును. ఇట్టి గుడ్డలకు మెత్తయు అస్తరును చేర్చి క్విల్టులు కుట్టుకొనిరి. ఒకే చిత్రముగల గుడ్డను పైపొరగా నిలుపుట అను ఆచారమునకు ఇవియే తొలి ఉదాహరణములలో ముఖ్యమైనవి.

ఆ మోజు అక్కడి నేతగాండ్రకు గండమైనది. ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధమును నడపెను. ఇంగ్లండు 1700లో స్వదేశపు వాడుకకై వాని దిగుమతిని నిషేధించినది. అంతటితో మోజు చావలేదు. 1719లో లండను నేతగాండ్రు వీథులలో అద్దకపు గుడ్డలు ధరించిన స్త్రీలపై బడి బట్టలు చింపిరి. 1721 నాటి శాసనము ధరించుటనే కాక, పరుపులకు, కుర్చీలకు, తెరలకు వాడుటను గూడ నేరము చేసినది. 1774 వరకు ఆ కట్టడి తొలగలేదు. ఒక పూవుల దుప్పటి పార్లమెంటును కదలించిన దనుట అతిశయోక్తి కాదు.

గుడ్డ ప్రియమైనపుడు పొదుపు పుట్టినది. ఉన్న గుడ్డలోని పూలను, పక్షులను కత్తిరించి తెల్లగుడ్డపై కుట్టు పద్ధతి వ్యాపించినది. దానికి స్థిరపడిన పేరు 'బ్రోడరీ పెర్స్', అనగా పారశీకపు కుట్టు. పూవు కోరమాండల్ తీరమున పూచినది. పేరు పర్షియాకు దక్కినది!

తరువాత ఆంగ్లేయ ముద్రాపకులే క్విల్టుల నడుమ నిలుపుటకై ప్రత్యేక చిత్రములను అచ్చొత్తిరి. 1810లో మూడవ జార్జి పాలనకు ఏబదియేండ్లు నిండిన సందర్భమున, 1813లో విట్టోరియా విజయమునకు, 1816లో రాకుమారి షార్లెట్ వివాహమునకు ఇట్టివి వెలువడినవి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు జాన్ హ్యూసన్ అచ్చువేసిన పూలకలశపు గుడ్డ నేటికిని మ్యూజియములలోని క్విల్టుల నడుమ నిలిచియున్నది. 1788 జూలైలో ఆ నగరమున జరిగిన ఊరేగింపులో అతని భార్యాపుత్రికలు అతడు అద్దిన వస్త్రములనే ధరించి బండిపై కూర్చుండిరి. హ్యూసన్ పేరు చరిత్రకెక్కినది. అతనికి పూర్వము తీరమున జీవవృక్షమును నిలిపినవారి పేర్లు మాత్రము గుడ్డపై లేవు.

సూది నడచు తీరు

పెడనలో దుంగ అచ్చులతో అద్దిన గుడ్డయే చేత నున్నదనుకొందము. బల్ల పొడవు 60 అంగుళములు. ఇరుకొసల ఆరేసి అంగుళములు వ్రేలాడవలె నన్న రన్నరు 72 అంగుళములుండవలెను. వెడల్పు 16 అంగుళములు చాలును. చిత్రమునకు 12, ఇరుప్రక్కల అంచులకు రెండేసి. చిత్రము పొడవున 44 అంగుళములే ఉన్నచో, మిగిలిన 28 అంగుళములను రెండు కొసలకు 14 చొప్పున పంచి, చిత్రములోని ఒక రంగునకు కలియు సాదాగుడ్డతో నింపవచ్చును. ప్రతి అతుకునకు ఇరువైపుల పావేసి అంగుళము కుట్టులోనికి పోవును గనుక ఆ మేర వేరుగా కలుపుకొనవలెను.

మొదటి పని కత్తెర కాదు, నీరు. గుడ్డలనన్నిటిని చల్లని నీట ఉతికి నీడన ఆరవేయవలెను. రంగు విడుచునది, పొడవు కుదించుకొనునది అప్పుడే బయటపడవలెను. కుట్టిన పిమ్మట బయటపడిన ప్రయోజనమేమి? దూదిపొర నూలుదే మేలు. కృత్రిమపు దారపు పొర వేడిగిన్నె క్రింద కరగు ప్రమాదము కలదు.

చేతి అచ్చు పోగుల వెంట నూటికి నూరుపాళ్లు నడవదు. అట్టిచోట పోగును గాక చిత్రపు గీతను నమ్మి కత్తిరించవలెను. చూచువారి కన్ను పోగును చూడదు, పూలతీగను చూచును. ప్రక్క అంచులను చిత్రపు నడుమ కొలతకు తెగగొట్టవలెనే గాని, సాగిన ఓరను కొలువరాదు. ఓరను నమ్మిన అంచు అలలు తేలును.

పిదప అస్తరును లోపలివైపు పైకివచ్చునట్లు బిగువుగా పరచి, దానిపై దూదిపొరను, దానిపై చిత్రమును సరిచూచి వేయవలెను. అడుగు రెండు పొరలు అన్నివైపుల రెండంగుళములు హెచ్చుగా నుండవలెను. మధ్యనుండి వెలుపలకు బెత్తెడు ఎడముగ పెద్ద టాకాలు వేసిన పొరలు జరుగవు. ఆసలు కుట్టును గూడ మధ్యనే మొదలిడవలెను. ఓరలనుండి లోనికి వచ్చినచో, నెట్టబడిన గుడ్డ నడుమ ముడుతగా మిగులును.

ఇక్కడనే కుట్టువారి తీర్పు బయటపడును. పూరేకు అంచువెంట సన్నని కుట్టు నడపి, వెనుకటి ఖాళీని దగ్గరి గళ్లతో అణచిన, పూవు తానై పైకి లేచును. పూవు మీదనే దట్టముగా కుట్టిన అది అణగిపోవును. ఒకచోట దట్టముగ, వేరొకచోట వదులుగ కుట్టిన రన్నరు బల్లపై చదునుగా పరచుకొనదు. గుడ్డ ముఖస్తుతి ఎరుగదు.

తుదకు గోటుపట్టీ. చుట్టుకొలత 176 అంగుళములు. మూలలకు, చేర్పునకు మరి 12 కావలెను. 44 అంగుళముల పన్నా గల గుడ్డనుండి రెండున్నర అంగుళముల వెడల్పున ఐదు పట్టీలు తీసి చేర్చి, రెండుగా మడచి, ముఖమువైపు కుట్టి, వెనుకకు త్రిప్పి చేతితో హెమ్మింగు చేయవలెను. మూలకు పావంగుళము ముందే కుట్టు నాపి, పట్టీని ఏటవాలుగా పైకి మడచి మరల క్రిందికి దింపినగాని మూల పదునుగా రాదు.

వెనుకవైపు

1868లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞులు ఎరుపుదినుసైన అలిజరిన్‌ను కృత్రిమముగా తయారుచేసిన తరువాత చిరివేరు పొలములకు కాలము చెల్లినది. మిల్లుగుడ్డ వెల్లువలో అద్దకపు ఇండ్లు అనేకము మూతపడినవి. నిలిచినవి పట్టుదలచేతను, ఇరువదవ శతాబ్దిలో కమలాదేవీ చట్టోపాధ్యాయ వంటివారి పూనికచేతను నిలిచినవి. నేడు యంత్రముపై అచ్చొత్తిన గుడ్డను గూడ కలంకారీ పేరుననే అమ్ముట కలదు. కొనువారు ఆ భేదము నడుగకున్న, నష్టపోవునది దుంగ అచ్చును భుజబలముతో ఒత్తిన చేయి.

మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చిన, బొమ్మ ఒకరిదైనచో కుట్టినవారిది ఏమి? పూర్తియైన రన్నరును ఒకమారు బోర్లించి చూడవలెను. అస్తరు సాదాది, అచ్చు అచట కనరాదు. రంగు లేదు, కరకకాయ లేదు, చిరివేరు లేదు. కాని పూరేకుల అంచులు, తీగ మలుపులు, వెనుకటి గళ్లు అన్నియు దారముతో గీచినట్లు అచట నిలిచియుండును. కుట్టిన చేయి ఎచట తొందరపడెను, ఎచట ఓపిక పట్టెను, ఎచట విప్పి మరల కుట్టెను అను చరిత్ర యంతయు ఆవైపుననే యుండును.

ముఖమువైపు అద్దినవారిది, వెనుకవైపు కుట్టినవారిది. బల్లపై పరచినపుడు రెండవది కనబడదు. పల్లెలోని బొంతకు ముఖమును వెనుకయు ఒక్కటియే గనుక, ఆ వృద్ధురాండ్ర కుట్టు ఇరువైపుల కనబడుచుండెను. చూచినవారే తక్కువ.