ఏమరుపాటు వీడి ఆరుబయట నిలుద్దాం



నిరుటి షాబాన్ మాసం 29వ నాటి సాయంత్రం మా వీధి మస్జిద్ డాబాపై ముప్పై మందికి పైగా గుమిగూడాము. మగ్రిబ్ నమాజ్ ముగిసింది. పడమట మబ్బు లేదు. నెలవంకను చూడాలనే మెట్లెక్కి వచ్చాము గాని, మాలో అత్యధికుల తలలు కిందికే వంగి ఉన్నాయి. చంద్రదర్శనం అయినదా లేదా అన్న కబురు ఫోనులో ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నాము. పిట్టగోడ దగ్గర నిలిచిన ఒక వృద్ధుడు మాత్రమే ఆకాశాన్ని చూస్తున్నారు. "అదిగో, ఆ తాటిచెట్టు తలకు జానెడు పైన!" అన్నారాయన. మేము తలలెత్తి, ఫోను వెలుగుకు అలవాటుపడిన కళ్లు నులుముకుని, ఏ తాటిచెట్టని అడిగి వెదికేసరికి ఆ సన్నని గీత దిగంతపు మసకలో కలిసిపోయింది. కాసేపటికి కబురు వచ్చింది. అందరం ముబారక్‌లు చెప్పుకున్నాము. నెలవంక వార్తను విన్నాము గాని నెలవంకను చూడలేదు.

ఆ రాత్రి తరావీహ్‌లో నిలబడినప్పుడు మాకొక సంగతి తోచింది. నమాజులో మనసు నిలవడం లేదని తరచుగా వాపోతుంటాము. ఖుషూ కుదరడం లేదని ఆలిములను అడుగుతుంటాము. కళ్లెదుట ఉన్న ఆకాశంపై పది నిమిషాలు నిలవని చూపు, తక్బీర్ చెప్పిన మరుక్షణమే సజ్దా స్థలంపై ఎలా నిలుస్తుంది? రోజంతా చెదిరిన మనసు నమాజుకు మాత్రం కుదురుగా వస్తుందనుకోవడం మన అమాయకత్వమే.

ఈ స్థితిని ధార్మిక పరిభాషలో గఫ్లత్ అంటారు. అచ్చ తెలుగులో ఏమరుపాటు. కళ్లు తెరిచి ఉండి చూడకపోవడం, చెవులు ఉండి వినకపోవడం. దీనికి విరుగుడు తఫక్కుర్, అంటే సృష్టిని చూస్తూ యోచించడం. ఆలి ఇమ్రాన్ సూరా చివరి భాగంలో వివేకవంతుల వర్ణన ఉంది. నిలుచున్నా, కూర్చున్నా, పక్కలపై పడుకున్నా వారు అల్లాహ్‌ను స్మరిస్తారని, భూమ్యాకాశాల నిర్మాణాన్ని గురించి యోచిస్తారని అక్కడ చెప్పబడింది. స్మరణ, యోచన అక్కడ జంటగా వచ్చాయి. అరబీలో 'ఆయత్' అనే పదం గ్రంథంలోని వాక్యానికీ, ప్రకృతిలోని నిదర్శనానికీ ఒక్కటే. ఒక ఆయత్‌ను వుజూ చేసి, పెదవులకు తాకించి చదువుతాము. మరొక ఆయత్‌ను తల కూడా ఎత్తకుండా దాటిపోతాము. అయితే ఒక హద్దు మరువరాదు. నిదర్శనం నిదర్శనమే, అది దైవం కాదు. చెట్టు ముందు నిలిచి చూస్తాము, చెట్టుకు మొక్కము.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితంలో ఈ మెలకువ అడుగడుగునా కనబడుతుంది. ప్రవక్త పదవికి ముందు ఆయన మక్కా వెలుపల కొండపైనున్న హిరా గుహలో రోజుల తరబడి ఏకాంతంగా ఉండేవారు. ఆహారం అయిపోతే ఇంటికి, ఖదీజా (రజి) వద్దకు తిరిగి వచ్చేవారు. ఆ ఏకాంతం సంసారాన్ని విడిచి పారిపోవడం కాదన్నమాట. ఒకసారి వాన కురిసినప్పుడు ఆయన తన వస్త్రాన్ని కొంత తొలగించి చినుకులను ఒంటిపై పడనిచ్చారని అనస్ (రజి) ఉల్లేఖించారు. కారణమడిగితే, ఇది ప్రభువు వద్ద నుండి ఇప్పుడే వచ్చినదన్న భావం గల జవాబు ఇచ్చారు. మనమైతే తొలి చినుకుకే కిటికీ తలుపులు మూస్తాము. ఇక ఆయన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన దినాన సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ చావుకే సూర్యుడు మసకబారాడని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రికి ఆ మాట ఎంతో ఊరట కాగలదు. కాని ఆయన దానిని అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలని, ఒకరి చావుపుట్టుకల కోసం వాటికి గ్రహణం పట్టదని తేల్చిచెప్పి, నమాజుకు నిలిచారు. ఉన్నదానిని ఉన్నట్లుగా చూడడమంటే ఇదే.

సోదరులారా! మన ఆరాధనా సమయాలన్నీ ఆకాశాన్ని చూసి తెలుసుకునేవే. గోడమీది పట్టికలు, ఫోనులోని అజాన్ తరువాత వచ్చాయి. వాటిని తప్పుపట్టడం లేదు. మేమూ వాటినే వాడుతున్నాము. అయితే ఆ అంకెల వెనుక ఏమున్నదో ఒక్కసారైనా కంటితో చూడాలి.

తెల్లవారుజామున తూర్పున మొదట ఒక వెలుగు నిలువుగా, తోకలాగా పైకి లేస్తుంది. అది ఫజ్రె కాజిబ్, అబద్ధపు వేకువ. అది తగ్గిన పిమ్మట దిగంతం వెంబడి అడ్డంగా పరచుకునే తెలుపే ఫజ్రె సాదిఖ్. సహరీ ముగిసేదీ, ఫజ్ర్ మొదలయ్యేదీ దానితోనే. నగరపు వీధిదీపాల నడుమ ఈ తేడా తెలియదు. ఊరికి వెళ్లినప్పుడు చేనిగట్టుపై నిలబడి చూడవలసిందే. ఆ వేళ పసులపోలిగాడు అందరికంటే ముందు గొంతు విప్పుతుంది. తరువాత కాకులు, గోరువంకలు.

జుహర్, అసర్ వేళలను నీడ చెబుతుంది. ఎండలో ఒక మీటరు కర్రను నిటారుగా పాతండి. హైదరాబాదులో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం దాని నీడ ఉత్తరానికి సుమారు 86 సెంటీమీటర్లు పడుతుంది. మే 9 ప్రాంతంలో ఆ వేళకు నీడ కర్ర మొదట్లోనే అణగిపోతుంది. అటుపిమ్మట ఆగస్టు 3 ప్రాంతం వరకు మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది! మేము ఇన్నేళ్లు ఈ నేలపై నడిచి కూడా దీనిని గమనించలేదు. నీడ తిరిగి పెరగనారంభిస్తే జుహర్ వచ్చినట్లు. మిట్టమధ్యాహ్నపు నీడను మినహాయించి, కర్ర పొడవుకు రెండింతలు పెరిగితే హనఫీల అసర్. ఒక్క ఇంత పెరిగితే షాఫయీల అసర్. ఇద్దరి నడుమ వ్యవధి ఎంతో ఆ కర్ర వద్ద కూర్చుంటే తెలుస్తుంది. వాదించుకునే అవసరమూ తగ్గుతుంది. సూర్యుడు అస్తమిస్తే మగ్రిబ్; పడమటి ఎరుపు, ఆ తరువాత మిగిలే తెలుపు కూడా కరిగితే ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ప్రకారం ఇషా.

మరి ఆచరణ ఎలా? ఫజ్ర్ నమాజ్ తరువాత పావుగంట చాలు. ఫోను ఇంట్లో ఉంచి బయటికి రండి. జిక్ర్ చేయండి, కాని లెక్క కోసం కాదు. కంటికి ఒకటి ఆనినప్పుడు, దానిని చూస్తూ సుబ్‌హానల్లాహ్ అనండి. వేపచిగురు ఎరుపు కావచ్చు, చీమల బారు కావచ్చు. మనసు అప్పుల వైపు, ఆఫీసు వైపు పోతుంది. పోనివ్వండి, మెల్లగా మళ్లించండి. మనసును ఖాళీ చేయడం మన ఉద్దేశం కాదు, దానిని ఒక సత్యం దగ్గర నిలపడం. ఇందుకు కొండలకు, రిసార్టులకు ప్రయాణం కట్టనక్కరలేదు. అక్కడికి వెళ్లి ఫొటోలు తీసుకుని వచ్చినవారిని చాలామందినే ఎరుగుదుము, అందులో మేమూ ఉన్నాము. ఇంటి స్త్రీలకు డాబా, పెరడు చాలును. అయితే ఆ పావుగంట వారికి దొరకాలంటే పొయ్యి దగ్గర మనలో ఒకరు నిలబడాలి. ఈ మాట పురుషులకే చెబుతున్నాము.

మే 28న (లీపు సంవత్సరంలో 27న) మన గడియారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు చూపే వేళ సూర్యుడు కాబా గృహానికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ నిమిషాన మన ఊళ్లలో సూర్యుడున్న వైపే ఖిబ్లా; నిటారు కర్ర నీడ దానికి సరిగ్గా వెనుకకు పడుతుంది. మన ఖిబ్లా నేరుగా పడమర కాదని, కాస్త ఉత్తరానికి మొగ్గి ఉందని అప్పుడు కళ్లారా తెలుస్తుంది. జూలై 16న 2 గంటల 57 నిమిషాలకు మరో అవకాశం ఉంది గాని, వానకారు మబ్బులు అడ్డుపడవచ్చు. పిల్లలను వెంట ఉంచుకుని చూడండి. సూర్యుని వైపు నేరుగా చూడనీయకండి, నీడను చూపండి.

పిట్టగోడ దగ్గర నిలిచిన ఆ పెద్దాయన జనాజా నమాజును మొన్న జమాదుల్ ఆఖిర్‌లో చదివాము. అల్లాహ్ ఆయనను మన్నించుగాక! ఈ షాబాన్ 29న డాబాపై ఎటు చూడాలో చెప్పేవారు మాకు లేరు. అందుకని మాలో కొందరం ఇప్పటి నుండే ప్రతి నెలా 29న మగ్రిబ్ తరువాత మెట్లెక్కుతున్నాము. ఫోనులను కింద, చెప్పుల అర పక్కన పెట్టి వెళుతున్నాము. రజబ్ నెలవంక మాకు కనబడలేదు, మబ్బు పట్టింది. ఆ తాటిచెట్టు ఏదో మాత్రం ఇప్పుడు అందరికీ తెలుసు.