పిట్టల పద్దు

రోళ్లపాడు గడ్డిబీళ్ళు ఒకపక్క, నల్లమల అంచు ఇంకోపక్క. నడుమ కాలువలు, వరిమడులు. పాములపాడు చుట్టుపక్కల పిట్టలను చూసేవాళ్ళు ఏం చూస్తారు, ఏం రాసుకుంటారు, రాసుకోకపోతే పోయేదేమిటి?

బైనాక్యులర్ మెడలో వేసుకుని పాములపాడు పొలాల్లో నిలబడితే మొదట ఎదురయ్యే ప్రశ్నకు పిట్టలతో సంబంధం ఉండదు. “ఏం సార్, సర్వేకొచ్చినారా? కాలువ ఇట్లనే పోతాదా?” అని అడుగుతారు. అడగరా మరి! శ్రీశైలం నీళ్ళు ఈ మండలంలోని బనకచర్ల దగ్గరే పాయలుగా చీలతాయి. తెలుగుగంగ కోసం వెలుగోడుకు కొన్ని, శ్రీశైలం కుడిగట్టు కాలువకు కొన్ని, కుందూ వైపు కొన్ని. అద్దాలు పట్టుకుని వచ్చినవాళ్ళంతా ఇక్కడ ఏదో ఒకటి కొలిచి పోయినవాళ్ళే. పిట్టలను చూడ్డానికి వచ్చామంటే ఓ నవ్వు, ఆ వెంటనే “పిట్టల్లో చూసేదానికి ఏముందబ్బా?” అన్న మాట వస్తాయి.

ఉన్నది చాలానే. నందికొట్కూరుకు, ఆత్మకూరుకు నడుమ ఉన్న ఈ ఊరికి తూర్పున నల్లమల అడవి. పడమర మిడుతూరు మండలంలో రోళ్లపాడు బీళ్ళు, అలగనూరు జలాశయం. దక్షిణాన నిండితే దాదాపు 17 టీఎంసీలు పట్టే వెలుగోడు రిజర్వాయరు. మధ్యలో పందొమ్మిదో శతాబ్దంలో తవ్విన కేసీ కాలువ, దాని కింద మడులు. అడవి పిట్టలు, బీటి పిట్టలు, నీటి పిట్టలు అన్నీ మోటారుసైకిలుకు అందే దూరంలో ఉన్న ఇలాంటి చోటు రాయలసీమలో అరుదు.

తుపాకీ పోయి నోటుపుస్తకం వచ్చింది

నల్లమల పిట్టలను పద్ధతిగా నమోదు చేసే పని 1929-30లో వెర్నే సర్వేతో జరిగింది. తూర్పు కనుమల పొడవునా తిరిగి నమూనాలు పోగుచేస్తే, హ్యూ విస్లర్ అనే ఆంగ్లేయుడు వాటిని పరిశీలించి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో విడతలుగా రాశాడు. నమూనా అంటే కాల్చి, చర్మం ఒలిచి, కాలికి చీటీ కట్టిన పిట్ట. ఆ రోజుల్లో శాస్త్రం అలాగే నడిచింది. 1931-32లో నిజాం రాజ్యంలో సర్వే చేసిన సలీం అలీ చేతిలోనూ తుపాకీ ఉండేది.

తుపాకీ లేకుండా, సరదాగా, గుంపుగా వెళ్ళి చూసి రాసుకునే అలవాటు తెలుగునాట 1980లో హైదరాబాదులో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌తో ఊపందుకుంది. రాష్ట్రం విడిపోయాక ఆ సంఘమే డెక్కన్ బర్డర్స్ అయింది. ‘పిట్ట’ పేరుతో చిన్న పత్రిక వేసుకున్నారు. సంఘానికి చెందిన సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితాను పుస్తకంగా తెచ్చారు. బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, వ్యాపారులు, కాలేజీ కుర్రాళ్ళు ఆదివారాలు తిరిగి రాసుకున్న కాగితాలకు శాస్త్రంలో చోటు దొరకడం చిన్న విషయం కాదు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ బడి ఇంకో దారి పట్టింది. తన లోయనే 1991లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకుంది. ఇంటి దగ్గరే ఉండి పక్షిశాస్త్రం నేర్చుకునే కోర్సు కూడా పెట్టింది.

ఈ సంఘాలవాళ్ళు బస్సెక్కి కర్నూలు జిల్లాకు పరుగెత్తుకొచ్చింది ఒకే ఒక్క పిట్ట కోసం.

బట్టమేక లెక్క

మీటరు ఎత్తు. మగదైతే పదిహేను కిలోల దాకా బరువు. ఎగరగల పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే కొద్ది. బట్టమేక పిట్టకు చెట్లతో పనిలేదు, గడ్డి కావాలి. వానలు పడగానే మగపక్షి ఓ మిట్ట ఎక్కి, గొంతు కింద సంచి ఊదుకుని, తోక వీపు మీదికి విరుచుకుని గుమ్మని మూలుగుతుంది. ఆ చప్పుడు బీడంతా వినిపిస్తుంది. ఆడది వట్టి నేల మీద ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డును పశువు తొక్కినా, కుక్క ఎత్తుకుపోయినా ఆ ప్రయత్నం అక్కడితో సరి.

1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ వంటి పరిశోధకులు రోళ్లపాడులో మకాం వేశారు. అది ఏం తింటుంది, ఎప్పుడు వస్తుంది, ఎక్కడ గుడ్డు పెడుతుంది, అన్నీ రాశారు. మిడతలు, పేడపురుగులు, బల్లులు, రేగుపళ్ళు, వేరుశనగ, ఏదైనా తింటుంది. అదే బీడులో వానాకాలాల్లో కనిపించిన నేలనెమలి గురించీ రాశారు. బట్టమేకకు చిన్న చుట్టమైన ఈ పిట్టలో మగది జోడు కోసం గడ్డి మీదికి ఎగిరెగిరి పడుతుంది, రోజుకు కొన్ని వందల సార్లు. 1988లో 6.14 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు.

ఆ తర్వాతి కథ ఈ వైపు రైతులకు కంఠతా వచ్చు. కాపలా పెరిగేసరికి కృష్ణజింకలు పెరిగాయి. జింకలు చేలల్లో పడ్డాయి. పంట పోయిన రైతుకు బట్టమేక మీద కోపం వచ్చింది, పాపం ఆ పిట్ట చేసిందేమీ లేకపోయినా. మరోపక్క నీళ్ళు వచ్చాయి. కొర్ర, జొన్న పండిన చేలు తడి పంటల్లోకి మారాయి, బీళ్ళు సాగులోకొచ్చాయి. అభయారణ్యం హద్దు కాగితం మీద ఉంటుంది, పిట్ట బతుకు హద్దు అవతలి చేలల్లో కూడా ఉంటుంది. ఆ చేల రైతును కలుపుకోకుండా ఆరు చదరపు కిలోమీటర్లకు కంచె వేసి గెలుస్తామనుకోవడమే అసలు పొరపాటని నా అభిప్రాయం.

ఇప్పుడు బట్టమేకను చూసొద్దామని రోళ్లపాడు వెళ్తే నిరాశే. దేశం మొత్తం మీద మిగిలినవి నూటయాభై ప్రాంతంలో ఉంటాయని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. అక్కడ కరెంటు తీగలు మరో గండం. బరువైన పక్షి, ఎదుట ఉన్నది సరిగా కనపడదు, తీగ దగ్గరికొచ్చాక ఒక్కసారిగా తిరగలేదు. ఆ తీగలను భూమిలో వేయాలా వద్దా అన్న వాదన 2021లోనూ, మళ్ళీ 2024లోనూ సుప్రీంకోర్టు తీర్పుల దాకా వెళ్ళింది. జైసల్మేర్ కేంద్రంలో 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో పిల్ల పుట్టడం మాత్రం మంచి కబురు.

రోళ్లపాడులో బట్టమేక ఎలా తగ్గిపోయిందో మనం ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నామంటే, ఎవరో ఏటేటా ఎండలో నిలబడి లెక్కపెట్టి రాసిపెట్టారు కాబట్టి. అదే బీడులోని కౌజుకు, పూరేడుకు, గట్టు మీది పాలపిట్టకు ఆ భాగ్యం లేదు. అవి తగ్గినా “మా చిన్నప్పుడు బాగా కనపడేవి” అని ముసలివాళ్ళు అనడమే మిగులుతుంది.

ఆ మాటను సాక్ష్యంగా మార్చేవి మామూలు మనుషుల మామూలు జాబితాలు. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసింది. దానికి ఆధారం 30 వేల మందికి పైగా పక్షివీక్షకులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనలు. నెమలి, కోకిల పెరుగుతున్నాయని అది తేల్చింది. బీళ్ళ మీద, ఆరుబయలు మీద బతికే పిట్టలు తగ్గుతున్నాయంది. దసరా నాడు దండం పెట్టుకునే పాలపిట్ట బాగా తగ్గిపోయిందని, దాని స్థితిని మళ్ళీ అంచనా వేయాలని చెప్పింది. రోళ్లపాడు బీళ్ళను చూసినవారికి ఆ కబురు వింతగా తోచదు.

చదువుకున్నవాళ్ళు వెతికి దొరకనిది చదువుకోనివాళ్ళకు తెలిసి ఉండటం కూడా ఈ సీమలోనే జరిగింది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడిని 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర లంకమల పొదల్లో పట్టుకొచ్చింది ఐతన్న అనే పల్లెటూరి మనిషి. బొంబాయి సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఆ పిట్ట గురించి ఊరూరా అడుగుతూ తిరిగాడు కాబట్టి ఆ కబురు లోకానికి తెలిసింది. పక్షుల సంఘం పెట్టాలనుకునేవాళ్ళు బైనాక్యులర్ కొనేముందు ఇద్దరు గొర్రెల కాపరులతో స్నేహం చేయడం మంచిది.

పేరు తెలిశాక చూడ్డం మొదలవుతుంది

కొత్తవాళ్ళు ఎక్కువగా పేరు తెలియగానే ఇంకో పిట్ట వైపు తిరుగుతారు. అక్కడే ఇంకో పావుగంట నిలబడినవాళ్ళకే కథ కనపడుతుంది.

తీతువును చూడండి. రాత్రి అరిస్తే కీడని తిట్టిపోస్తాం. ఎండాకాలం కేసీ కాలువ గట్టు మీద, చేను పక్కన కంకర నేల మీద నాలుగు గుడ్లు పెడుతుంది. సన్నటి కొనలన్నీ లోపలికి తిప్పి పేరుస్తుంది. మట్టి రంగులో మచ్చలు, రెండడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనవు. మనిషి దూరంగా కనపడగానే తల్లి చప్పుడు చేయకుండా గుడ్ల మీది నుంచి జారుకుని, ఇంకెక్కడో నిలబడి గోల మొదలుపెడుతుంది. గోల వినపడిన చోట గుడ్లు ఉండవన్నమాట. అదే గొర్రెల మంద వస్తే కదలదు. రెక్కలు విప్పి, గుడ్ల ముందు నిలబడి అరుస్తుంది. మనిషి గుడ్డు తీసుకుపోతాడు, గొర్రె తొక్కి పోతుంది, రెండింటికీ విరుగుడు వేరని దానికి తెలుసు. నడివేసవి మధ్యాహ్నాల్లో కాలువకు పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మన కర్నూలు ఎండలో గుడ్డు పొదగడం అంటే సగం పని దాన్ని చల్లబరచడమే.

పసులపోలిగాడు ఇంకో రకం. గేదె వీపు మీద కూర్చుని, అది నడుస్తుంటే లేచిన మిడతలను పట్టి తింటాడు. గూడు పెట్టిన చెట్టు దగ్గరికి గద్ద వచ్చినా వదలడు, వీపు మీద పొడుస్తూ ఊరి పొలిమేర దాకా తరుముతాడు. ఆ అండ చూసుకుని అదే చెట్టు మీద గువ్వలు కూడా గూడు పెట్టుకుంటాయి. అంతటి పోలిగాడూ జాలెడేగ అరుపును అచ్చం అలాగే అరవగలడు. అరుపు విని డేగ అని రాసేసుకుంటే పద్దు తప్పినట్టే.

వానాకాలంలో బావుల మీదికి వాలిన కొమ్మలకు గిజిగాడి గూళ్ళు వేలాడతాయి. మగపక్షి వరి ఆకు చీల్చి, ముడులు వేసి, సగం గూడు అల్లి ఆపేస్తుంది. ఆడది వచ్చి, లోపల దూరి, లాగి చూసి, నచ్చితేనే సంసారం, అప్పుడే మిగతా సగం. ఆ గూడు పూర్తికాగానే పెద్దమనిషి పక్క కొమ్మ మీద ఇంకో గూడు, ఇంకో సంబంధం మొదలుపెడతాడు. మడుల్లో నత్తగుల్ల కొంగ ముక్కు రెండు దవడల నడుమ సందు ఉంటుంది. దూరం నుంచి విరిగిన ముక్కులా అనిపించే ఆ పనిముట్టే గుల్లలోంచి నత్తను లాగడానికి సాయపడుతుంది.

ఇక చలికాలం రోళ్లపాడు. బట్టమేక లేని బీడుకు ఇప్పుడు పిల్లిగద్దలే దొరలు. కజకిస్తాన్ మైదానాల వైపు నుంచి వచ్చి, మార్చి దాకా ఉండి పోతాయి. పగలంతా చేల మీద మనిషెత్తున తేలుతూ మిడతలను, చిన్న పిట్టలను వేటాడతాయి. పొద్దు వాలుతుండగా నలువైపుల నుంచి ఒక్కొక్కటే వచ్చి గడ్డి మీద చక్కర్లు కొడతాయి. గద్దజాతి అయినా చెట్టెక్కి పడుకోవు, గడ్డిలో నేల మీదే నిద్ర. మగవాటిని బూడిదరంగును బట్టి పోల్చవచ్చు. ఆడవి, పిల్లలు అన్నీ గోధుమరంగే కావడంతో ఏ జాతిదో చెప్పడానికి అనుభవజ్ఞులు కూడా కొట్టుకుంటారు. బెంగళూరు ఏట్రీ సంస్థకు చెందిన టి. గణేశ్ బృందం దేశవ్యాప్తంగా ఈ రాత్రి మకాములను ఏళ్ళుగా లెక్కిస్తూ, సంఖ్య పడిపోతోందని హెచ్చరిస్తోంది. బీళ్ళు తగ్గాయి. పురుగుమందు కొట్టిన చేలో మిడత ఉండదు, మిడత లేని చేలో పిల్లిగద్దకు పని లేదు.

సంఘం నడిచే తీరు

సంఘమంటే రిజిస్ట్రేషను, రబ్బరుస్టాంపు కానక్కర్లేదు. నలుగురు మనుషులు, రెండు బైనాక్యులర్లు చాలు. ఎనిమిదింతలు పెద్దగా చూపే 8x42 రకం కొనుక్కోవాలి. ఇరవై ఇంతలని ఊరించేవి చేతిలో వణికి, కనపడే పిట్టను కూడా కనపడకుండా చేస్తాయి. తెల్లచొక్కాలు, సెల్‌ఫోను పాటలు ఇంట్లో వదిలేయాలి. ఒకే చోటికి, ఒకే దారిలో, నెల నెలా వెళ్ళడం మేలు. తిరిగొచ్చాక టీ బంకు దగ్గర ఒకరు జాబితా చదవడం, మిగతావాళ్ళు అవునని కాదని వాదించడం పాత సంఘాల ఆనవాయితీ. సగం చదువు ఆ వాదనలోనే వస్తుంది.

జాబితాలో కాకి, పిచ్చుక కూడా ఉండాలి. అరుదైనవే రాస్తే లెక్క కుంటిదవుతుంది. ఎంతసేపు చూశామో, ఎంత దూరం నడిచామో రాసి, చూసినవన్నీ రాస్తేనే “ఈ రోజు పాలపిట్ట లేదు” అన్నది కూడా సమాచారం అవుతుంది. ఇలాంటి జాబితాలు ఎక్కించే ఈబర్డ్ వంటి ఆన్‌లైన్ వేదికలు నడిచేది ఆ సూత్రం మీదే.

కెమెరాలు వచ్చాక సంఘాలకు జనం పెరిగారు, ఓపిక తగ్గింది. గూడు దగ్గరికి పోయి ఫొటోలు తీసేవాళ్ళను మొదటి రోజే ఆపాలి. మనం తదేకంగా చూస్తున్న చోటును కాకి కూడా చూస్తుంది, మనం వెనుదిరగగానే దిగుతుంది. ఫోనులో పిట్ట కూత వినిపించి రప్పించడం ఇంకో పాడలవాటు. జోడు వెతుక్కునే కాలంలో ఆ మగపక్షి లేని శత్రువుతో పోట్లాడుతూ తిండి మానేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఏటా మూడు అదనులు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి సాగుతున్న ఆ పనికి వెలుగోడు, అలగనూరు జలాశయాలు సరిగ్గా సరిపోతాయి. ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది. మన దేశం 2013 నుంచి అందులో ఉంది. పెరట్లో కనీసం పదిహేను నిమిషాలు కూర్చుని లెక్కపెట్టినా చాలు, బడిపిల్లలు చేయగల పని. నవంబరు 12 సలీం అలీ పుట్టినరోజు, దేశమంతా సంఘాలు బయటికొచ్చే రోజు.

పిల్లిగద్దల కోసం రోళ్లపాడు వెళ్ళేవాళ్ళు డిసెంబరు, జనవరి నెలలు ఎంచుకోవాలి. ముందుగా అటవీశాఖ అనుమతి అడగాలి. పొద్దుగుంకడానికి గంటన్నర ముందే చేరి, గడ్డిలోకి దిగకుండా దారి పక్కనే కూర్చోవాలి. ఒకరు ఉత్తరం వైపు, ఒకరు దక్షిణం వైపు లెక్కపెట్టుకుంటే ఒకే గద్దను ఇద్దరూ రాసే బాధ తప్పుతుంది. చీకటి పడ్డాక టార్చిలైటు గడ్డి మీదికి వేయకండి. ఆకాశంలో గద్దలు కనపడటం ఆగిపోయిన సమయాన్ని కూడా పుస్తకంలో రాయండి. మరుసటి ఏడు వచ్చేవాళ్ళకు అది పనికొస్తుంది.