గృహిణికి విద్యుచ్ఛక్తి లెక్క

నీళ్లు కాచు గీజరును చిన్న సాకెట్టునకు తగిలించిన యిండ్లను మేము పెక్కింటిని చూచితిమి. గీజరుపై 2000 వాట్లని వ్రాసియుండును. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. వాట్లను వోల్టులచే భాగించినచో ప్రవాహము తెలియును, అది 8.7 ఆంపియర్లు. చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకే తగినది. ప్రవాహము రెట్టింపైనచో తీగలో పుట్టు వేడి నాలుగింతలగును. తొడుగు కరగి నిప్పంటుకొనవచ్చును. కావున 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టునే, తగిన లావు తీగతో, అమర్పించుకొనవలయును.

వోల్టులను ఆంపియర్లచే భాగించగా వచ్చునది నిరోధము. జర్మనీ దేశీయుడగు ఓం 1827లో ప్రకటించిన సూత్రమిది. గీజరునకు నిరోధము సుమారు 26 ఓములు. పాతకాలపు 60 వాట్ల బల్బునకో, వెలుగునప్పుడు 880కి పైగా! పెద్ద వస్తువునకే నిరోధ మెక్కువయని పలువురు భ్రమపడుదురు గాని, నిరోధము తగ్గినకొలదియే ప్రవాహము హెచ్చును. ఇట్టి గీజరు ఎడతెగక అరగంట కాచినచో బిల్లులో ఒక యూనిట్టు చేరును.