చిన్ననాటి చికెన్ 65 నేటికంటె రుచియా?

వేయించిన కోడిమాంసమును గూర్చి పెద్దలు పలికెడి మాట యొకటి కలదు. "మా చిన్నతనములో తిన్న రుచి ఇప్పుడేది?" అని. చెన్నపట్టణములోని మన తెలుగు ఇండ్లలో ఆదివారము నాడు ఈ మాట తరచుగా వినబడును. పెద్దలు ఇట్లనగానే పిల్లల ముఖములు చిన్నబోవును. తమకెంతో రుచించిన వస్తువును ఒక్కమాటతో తీసివేసినచో ఎవరికి కష్టము కలుగదు? వేసవి సెలవులలో నెల్లూరికో చిత్తూరికో పోయినచో అచటి బంధువులు ఇంకొక మెట్టు పైకెక్కి, "మదరాసు కోడి కూడ ఒక కోడియేనా?" అందురు. కావున ఈ వాదములో నిజమెంత, అభిమానమెంత యని విచారింపవలెనని మాకు తోచినది. శాకాహారులైన పాఠకులు కోడికి బదులు మిరపకాయ బజ్జీని తలచుకొని చదివినను నష్టము లేదు.

మొదట బంధువులకు ఒక సమాధానము. చికెన్ 65 పుట్టినిల్లు మన నగరమే. ఎ. ఎం. బుహారీ గారు 1951లో మౌంటు రోడ్డున, అనగా నేటి అన్నా సాలైలో, నెలకొల్పిన బుహారీ హోటలువారు 1965లో ఈ వంటకమును తామే ప్రవేశపెట్టితిమని చెప్పుదురు. ఆ సంఖ్యకు వేరు కథలును కలవు. భోజనపట్టికలో అది 65వ వస్తువని కొందరు, 65 మిరపకాయలు వేయుదురని కొందరు, 65 దినముల కోడిని కోయుదురని మరికొందరు. ఆ హోటలువారే పిమ్మట చికెన్ 78, చికెన్ 82, చికెన్ 90 అని ఆయా సంవత్సరముల పేర వేరు వంటకములను కూడ నడిపిరి గనుక, సంవత్సరపు కథయే నమ్మదగినదని మా అభిప్రాయము. హైదరాబాదువారు దానికి పెరుగు, కరివేపాకు, పచ్చిమిరపకాయలు చేర్చి తమదిగా చేసికొనిరి. అదియు రుచియే, కాని పుట్టినిల్లు పుట్టినిల్లే.

ఇక అసలు ప్రశ్న. రుచి తగ్గినదన్నచో తినెడి వస్తువు మారియుండవలెను, లేదా తినువాడు మారియుండవలెను.

కోడి మారినదనుటలో సందేహము లేదు. 1965 నాటికి మన దేశమున బ్రాయిలరు కోళ్ల పెంపకము ఇంకను వ్యాపింపలేదు. తెలుగువారైన డాక్టరు బండా వాసుదేవరావు గారు 1971లో వేంకటేశ్వర హేచరీస్ అను సంస్థను స్థాపించిన పిదపనే ఆ పెంపకము పెద్ద పరిశ్రమగా పెరిగినది. ఆ కోడికిని పూర్వపు కోడికిని ఎంత భేదమో తెలియుటకు కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయమువారు 2014లో ప్రకటించిన పరిశోధన చక్కని సాక్ష్యము. వారు 1957 నాటి జాతిని, 1978 నాటి జాతిని, 2005 నాటి జాతిని ఒకేచోట, ఒకే మేతతో పెంచిరి. 56 దినములకు మొదటిది 905 గ్రాములు, రెండవది 1,808 గ్రాములు, మూడవది 4,202 గ్రాములు తూగినవి. మేత ఒక్కటియే, దినములును అన్నియే. మారినది జాతి మాత్రమే. నేటి బ్రాయిలరు కోడి ఇంచుమించు ఆరు వారములకే అంగడికి చేరును. దాని మాంసము మెత్తన, కమ్మదనము కొంచెము. నెలల తరబడి పెరట తిరిగి, ఏరుకొని తిన్న నాటుకోడి మాంసము గట్టిది, రుచి చిక్కనిది. కనుక తాతగారు "ఆ కోడి వేరు" అన్నచో ఆయన మాట అక్షరాల నిజము.

కాని తండ్రిగారి మాటను ఇట్లే ఒప్పుకొన వీలులేదు. నేడు నలువది ఏండ్ల వయసున్న తండ్రి తన బాల్యమున పట్టణపు హోటలులో తిన్నది అధికభాగము బ్రాయిలరు కోడినే. ఆయన తాతగారి వాక్యమును వారసత్వముగా పొంది పలుకుచున్నాడని మా అనుమానము.

ఐనను తండ్రిగారి పక్షమున ఒక సాక్షి కలదు. అది నూనె. పూర్వము మన ప్రాంతముల వేపుడులకు వేరుసెనగ నూనెయే ముఖ్యము. 1994లో వంటనూనెల దిగుమతిపై ఆంక్షలు సడలింపబడిన పిమ్మట పామాయిలు మన అంగళ్లను నింపినది. శుద్ధిచేసిన పామాయిలుకు తనదైన వాసన లేదనవచ్చును. గానుగలో ఆడిన వేరుసెనగ నూనెకు కలదు. బ్రాయిలరు మాంసమునకు స్వంత రుచి తక్కువ గనుక నూనెలోని ఈ భేదము మరింత స్పష్టముగా తెలియును. అయితే ఆనాటి బండ్లపై గుప్పుమన్న వాసనలో కొంత, మరల మరల కాచిన పాత నూనెది కూడ కావచ్చును. అట్లు కాగి చెడిన నూనెలో పుట్టెడి కొన్ని పదార్థములు నూటికి 25 పాళ్లు మించినచో దానిని వాడరాదని 2018 జూలై 1 నుండి మన దేశమున నియమము అమలులో నున్నది. ఆ వాసన మరలి రాకుండుటయే మేలు. రంగు సంగతియు ఇట్టిదే. కోడి, చేప కబాబులలో కృత్రిమపు రంగులను కర్ణాటక ప్రభుత్వము 2024లో నిషేధించినది. ఎఱ్ఱగా మెరసెడి ముక్క ఎక్కువ కారముగా నున్నదని కన్ను నాలుకకు ముందే చెప్పును. ఎఱుపు తగ్గినచో రుచియే తగ్గెనని తోచును.

ఈ చిక్కు మనకే కాదు. కెంటకీ ఫ్రైడ్ చికెన్ వ్యాపారమును నడపిన హార్లాండ్ సాండర్స్ 1964లో తన సంస్థను 20 లక్షల డాలర్లకు అమ్మివేసెను. పిదప 1970 దశకమున ఆ దుకాణములలోని గ్రేవీ చెడిపోయినదని తానే బహిరంగముగా విమర్శించెను. అప్పటికాయన వయసు ఎనుబది దాటినది. వేలకొలది దుకాణములలో వంటను తేలిక చేయగా రుచి తగ్గెనా, లేక వృద్ధుని నాలుక మందగించెనా? రెండును కావచ్చును. (ఆ సంస్థ మన దేశమున 1995లో మొదట బెంగుళూరున అంగడి తెరచినది గనుక, మన తల్లిదండ్రులలో దానిని బాల్యస్మృతిగా చెప్పుకొనువారు అరుదు.)

తినువాని విషయమునకు వత్తము. పిల్లలు పెద్దలకంటె ఎక్కువ తీపిని, ఎక్కువ ఉప్పును ఇష్టపడుదురని శాస్త్రజ్ఞులు పరిశీలించి చెప్పిరి. వాసన పట్టెడి శక్తి సాధారణముగా అరువది ఏండ్లు దాటిన పిదప బాగుగా తగ్గును. ఇందొక వింత కలదు. తాతగారి కోడి నిజముగా మారినది, కాని ఆయన నాలుకయు మారినది. తండ్రిగారి నాలుక ఇంకను చెడలేదు, కాని ఆయన కోడి అంతగా మారలేదు!

మరి తండ్రిగారికి ఆ లోటు ఎందుకు తోచును? అరుదుగా దొరకుటయే ముఖ్యకారణమని మేము తలచుచున్నాము. మేము తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో వసతిగృహమున పదునైదు దినములకొకసారి కోడి వేపుడు పెట్టెడివారు. మనిషికి మూడు ముక్కలు. ముందటి దినము నుండియే మిత్రులు ఆకలి కూడబెట్టుకొనెడివారు. అట్టి వేపుడే ఇప్పుడు ఏ సాయంకాలమైనను వీధి చివర దొరకుచున్నది. ఆకలి మాత్రము దొరకుటలేదు. పైగా వాసనను గ్రహించెడి నాడులు మెదడులో జ్ఞాపకమునకు, భావోద్వేగమునకు సంబంధించిన భాగములకు మిక్కిలి సమీపముగా చేరును. అందుచేత వేపుడు వాసనతోపాటు పక్కన కూర్చున్న అన్నయు, వడ్డించిన అమ్మమ్మయు గుర్తునకు వత్తురు. తల్లిదండ్రులు పోల్చుచున్నది ఒక ముక్కను మరియొక ముక్కతో కాదు. ఒక పంక్తి భోజనమును ఒక అట్టపెట్టెతో.

కనుక పిల్లలు, "మీకు రుచి తెలియదు" అన్న మాటకు తలవంచ నక్కరలేదు. పెద్దలు అబద్ధమాడుచున్నారనుటయు తగదు. ఇంట పరీక్ష చేయవచ్చును. పెద్దలచేత బ్రాయిలరు కోడి ముక్కలను ఒకే మసాలాతో సగము వేరుసెనగ నూనెలో, సగము పామాయిలులో వేయింపవలెను. ఏది ఏదియో తెలియని తాతగారికి, తండ్రిగారికి, బాలునికి కన్నులు మూయించి పెట్టి, ఒకరి మాట మరియొకరు వినకుండ ఎవరి అభిప్రాయమును వారిచేతనే వ్రాయింపవలెను. నాటుకోడితో కూడ చేయదలచినవారు ఆ ముక్కలను ముందుగా మెత్తబడునట్లు ఉడికించి పిమ్మట వేయింపవలెను. లేనిచో రుచి తెలియుటకు ముందే పండ్లు నొచ్చును. అందరును మధ్యాహ్న భోజనము చేసిన పిదప ఒకసారి, ఆకలిగొన్నపుడు ఒకసారి ఈ పరీక్ష జరిపి, రెండు కాగితములను పక్కపక్కన పెట్టి చూడుడు.