మీకు తెలుసా? మూడు భాషల్లో ఒకే దర్శకురాలు

1953లో వచ్చిన ‘చండీరాణి’ చిత్రాన్ని భానుమతీ రామకృష్ణ తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలోనూ తానే దర్శకత్వం వహించి రూపొందించడమే కాక, అందులో ద్విపాత్రాభినయం, అంటే ఒకే నటి రెండు వేర్వేరు పాత్రలను పోషించడం, కూడా చేశారు.

ఎన్.టి. రామారావు కథానాయకుడిగా నటించిన ఆ చిత్రాన్ని నిర్మించినది ఆమె సొంత సంస్థ భరణీ పిక్చర్స్. భర్త పి.ఎస్. రామకృష్ణారావు స్వయంగా పేరున్న దర్శకుడే అయినా, ఈ చిత్రానికి ఆ బాధ్యతను ఆమే స్వీకరించడం, స్త్రీలు దర్శకత్వం వైపు రావడమే అత్యంత అరుదైన ఆ కాలంలో ఎంత సాహసమో నేటి పాఠకులు ప్రత్యేకంగా గుర్తించవలసి ఉన్నది.

1939లో సి. పుల్లయ్య దర్శకత్వంలోని ‘వరవిక్రయం’తో చిత్రరంగంలో ప్రవేశించిన భానుమతి, నటీనటుల పాటలను తెర వెనుక వేరే గాయకులు పాడే నేపథ్యగాన పద్ధతి స్థిరపడిన తరువాత కూడా తన పాటలను తానే పాడుకున్నారు. రచయిత్రిగా ఆమె కీర్తికి ‘అత్తగారి కథలు’ అనే హాస్య కథల సంపుటి ఆధారం కాగా, భారత ప్రభుత్వం 1966లో పద్మశ్రీతోను, 2001లో పద్మభూషణ్‌తోను ఆమెను గౌరవించింది.