రోలర్ కోస్టర్: భయం వేరు, అపాయం వేరు

(బి.యస్సీ., చివరి సంవత్సరం విద్యార్థి)

కిందటి సంవత్సరం మా తరగతి విహారయాత్రకు ఎక్కడికి వెళ్ళాలనే చర్చ వచ్చింది. కొందరు నాగార్జునసాగర్ అన్నారు. ఎక్కువమంది హైదరాబాదు వెళ్ళి వినోద పార్కులో రోలర్ కోస్టర్ ఎక్కుదామన్నారు. ఓట్లు వేస్తే రోలర్ కోస్టరే గెలిచింది. ఓడిపోయిన ఓట్లలో ఒకటి నాది.

దానికి కారణం ఉంది. నేను ఆరో తరగతిలో ఉండగా మా నాయన నన్నూ, చెల్లెల్నీ పక్క ఊరి తిరునాళ్ళకు తీసుకుపోయాడు. అక్కడ జెయింట్ వీలు ఎక్కాం. మేం కూర్చున్న పెట్టె తలుపుకు గడియ లేదు, తాడు ముక్క కట్టి ఉంది. దిగబోయే ముందు చక్రం ఒక్క కుదుపు కుదిపింది. తాడు ఊడింది, చెల్లెలు కింద పడింది. పెట్టె అప్పటికే కిందికి వచ్చింది కాబట్టి చెయ్యి విరగటంతో సరిపోయింది. మా నాయన ఎవరితోనూ పోట్లాడలేదు. ఆ రాత్రి మా అమ్మతో ఒకే మాట అన్నాడు: "గడియ లేదని నేను చూశానే. చూసి కూడా ఎక్కించాను."

బండి కట్టిన ప్రతిసారీ కడచీల చూసుకోనిదే ఎడ్లను అదిలించని మనిషి మా నాయన. ఇప్పుడు బండి పోయి ట్రాక్టరు వచ్చింది. అయినా ట్రక్కు తగిలించాక వెనక్కి వచ్చి పిన్ను కదిపి చూడనిదే సీటు ఎక్కడు. అటువంటివాడు ఆ ఒక్కరోజు చూసి ఊరుకున్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో తిరునాళ్ళ మాట లేదు.

కనుక విహారయాత్ర నిర్ణయం కాగానే నాకు రెండే దారులు కనిపించాయి. ఏదో ఒక వంక చెప్పి ఇంటి దగ్గర ఉండిపోవటం, లేదా ఆ యంత్రం సంగతేమిటో పూర్తిగా తెలుసుకుని ఎక్కటమో మానటమో తేల్చుకోవటం. భౌతికశాస్త్రం చదివేవాడిని కనుక రెండోదే మర్యాద అనిపించింది. అప్పుడు తెలుసుకున్నది మిత్రులతో పంచుకోవటానికే ఈ వ్యాసం.

మంచు వాలు నుంచి ఇనుప పట్టాల దాకా

రోలర్ కోస్టర్‌కు పుట్టిల్లు రష్యా. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రాంతంలో చలికాలం రాగానే కొయ్యలతో ఎత్తైన వాలు కట్టి, దానిమీద నీళ్ళు పోసి గడ్డ కట్టించి, పైనుంచి జారేవారు. వాటిలో కొన్ని 70, 80 అడుగుల ఎత్తు ఉండేవి. 1817 నాటికి పారిస్ నగరంలో ఇదే ఆటను మంచు లేకుండా, చక్రాల బండ్లతో మొదలుపెట్టారు. అందుకే ఫ్రెంచి భాషలో ఈనాటికీ దీనిని 'రష్యా కొండలు' అంటారు. తమాషా ఏమిటంటే రష్యావాళ్ళు దీనినే 'అమెరికా కొండలు' అంటారు!

అమెరికాలో ఈ కథ బొగ్గు గనుల దగ్గర మొదలైంది. 1827లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మాక్ చంక్ దగ్గర కొండ మీది బొగ్గును కాలువ గట్టుకు దించటానికి సుమారు 9 మైళ్ళ పట్టాలు వేశారు. బొగ్గు పెట్టెలు వాలులో వాటంతటవే దిగేవి. ఖాళీ పెట్టెలను కంచరగాడిదలు పైకి లాగేవి. మళ్ళీ దిగేటప్పుడు ఆ కంచరగాడిదలను కూడా ఒక పెట్టెలో నిలబెట్టి దించేవారు. అంటే అమెరికాలో ఈ వైభోగం మొదట అనుభవించిన వారిలో అవీ ఉన్నాయన్నమాట! తరువాత మనుషులు కూడా డబ్బిచ్చి అదే పట్టాల మీద తిరగసాగారు.

1884లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలండ్‌లో 600 అడుగుల పొడవైన 'స్విచ్ బ్యాక్ రైల్వే' కట్టాడు. టిక్కెట్టు 5 సెంట్లు, వేగం గంటకు 6 మైళ్ళు. సైకిలు కూడా దాన్ని దాటిపోగలదు. అయినా జనం విరగబడ్డారు. 1959లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో ఉక్కు గొట్టాలతో చేసిన పట్టాలు వచ్చాయి. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచవచ్చు కనుక అక్కడినుంచి మలుపులకూ మెలికలకూ హద్దు లేకుండా పోయింది. 2005లో న్యూజెర్సీలో 456 అడుగుల ఎత్తున 'కింగ్డా కా' నిలిచింది. దానిని 2024లో మూసి, 2025లో కూల్చివేశారు.

మన దేశంలో 1984లో ఢిల్లీలో అప్పు ఘర్ తెరిచారు. 1982 ఏషియాడ్ క్రీడల ఏనుగు పిల్ల పేరే దానికి పెట్టారు. 1989లో బొంబాయిలో ఎస్సెల్ వరల్డ్ వచ్చింది. మొదటిది 2008లో, రెండోది 2022లో మూతపడ్డాయి. హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర వండర్‌లా పార్కు 2016లో వచ్చింది. మేం వెళ్ళింది అక్కడికే.

మోటారు లేని బండి

రోలర్ కోస్టర్ బండికి సాధారణంగా మోటారు ఉండదు. కింద ఉన్న మోటారు గొలుసుతో బండిని మొదటి గుట్ట ఎక్కిస్తుంది. దాని పని అంతటితో సరి. ఆ తరువాత బండిని నడిపేది భూమి ఆకర్షణే. ఎక్కేటప్పుడు సంపాదించిన స్థితిశక్తి దిగేటప్పుడు గతిశక్తిగా మారుతుంది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ స్థితిశక్తి. మధ్యలో ఘర్షణా, గాలీ తమ వాటా తాము తీసుకుంటాయి. అందుకే ఇటువంటి కోస్టర్‌లో మొదటి గుట్టే అన్నిటికంటె ఎత్తు. పొలానికి పెట్టిన నీరు కాలువ పొడుగునా ఇంకిపోయినట్టు శక్తి కూడా దారి పొడుగునా తరుగుతూ ఉంటుంది.

వేగం లెక్క మన ఇంటర్ పుస్తకంలోదే. ఎత్తును మీటర్లలో తీసుకుని, 9.8తో గుణించి, దాన్ని రెట్టింపు చేసి వర్గమూలం కడితే సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో వస్తుంది. 30 మీటర్ల గుట్టకు 588, దాని వర్గమూలం సుమారు 24.2. అంటే గంటకు 87 కిలోమీటర్లు. ఘర్షణ వల్ల నిజంగా వచ్చేది కొంచెం తక్కువ. ఈ లెక్కలో బరువు ఎక్కడా రాదు. పెట్టెలో వడ్ల బస్తా వేసినా, దూది బస్తా వేసినా ఒకటే.

మరి తలకిందులైనప్పుడు పడిపోమా? నీళ్ళ బొక్కెన చేత్తో పట్టుకుని గిరగిరా తిప్పిన వాళ్ళందరికీ జవాబు తెలుసు. చెయ్యి, బొక్కెన కలిసి ఒక మీటరు అనుకుంటే, రెండు సెకన్లలోపు ఒక చుట్టు తిప్పగలిగితే బొక్కెన తలకిందులైనా చుక్క కింద పడదు. నెమ్మదిగా తిప్పితే తల తడుస్తుంది. బండి సంగతీ అంతే.

అయితే ఈ చుట్టు నిండు గుండ్రంగా ఉండకూడదు. గుండ్రని చుట్టును పై దాకా ఎలాగో దాటేపాటి వేగం ఉన్నా, కింద చుట్టులోకి ప్రవేశించే చోట మన బరువు ఆరు రెట్లు అవుతుంది. 60 కిలోల మనిషి 360 కిలోలు! 1895లో కోనీ ఐలండ్‌లో 'ఫ్లిప్ ఫ్లాప్' అనే గుండ్రని చుట్టు కట్టారు. ఎక్కినవాళ్ళు మెడనొప్పులతో దిగారు. అది ఎక్కువకాలం నడవలేదు. 1976లో కాలిఫోర్నియాలో జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ లెక్కలతో వచ్చిన 'రివల్యూషన్' ఈ చిక్కు విప్పింది. దాని చుట్టు కన్నీటి బొట్టు ఆకారంలో ఉంటుంది. కింద వ్యాసార్ధం పెద్దది, పైకి పోను చిన్నది. అందువల్ల బరువు ఒక్కసారిగా మీద పడదు. దశాబ్దాలపాటు మెడలు విరిచిన చిక్కు ఒక గణిత వక్రరేఖతో తీరింది. గణితం ఎందుకురా అని విసుక్కునే మిత్రులు ఇది గమనించాలి.

కడుపులో ఆ ఖాళీ ఎందుకు?

బండి కిందికి దూకేటప్పుడు మనమూ, సీటూ దాదాపు ఒకే త్వరణంతో పడుతుంటాం. సీటు మనల్ని పైకి నెట్టదు. కడుపులో పేగులు కూడా కిందికి ఆనవు. దానినే మనం 'కడుపులో ఏదో అయింది' అంటాం. మన లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు నాళాలు, సన్నని సున్నపు రేణువులు ఉంటాయి. మనం ఎటు తిరుగుతున్నామో, ఎటు ఒరుగుతున్నామో మెదడుకు చెప్పేవి అవే. అవి 'పడిపోతున్నావు' అని మెదడుకు కబురు పెడతాయి. గుండె దడదడలాడుతుంది. కబురు నిజమే, పడుతున్నాం. కానీ లెక్క ప్రకారం పడుతున్నాం. తేడా అంతా అక్కడే ఉంది.

ఎత్తు, వేగం, అరుపులు, ఇవి కలిగించేది భయం. తాడుతో కట్టిన తలుపు, అది అపాయం. భయం కనిపిస్తుంది, అపాయం చాలాసార్లు కనిపించదు. తిరునాళ్ళలో మాకు భయం వేయలేదు, నవ్వుతూ కూర్చున్నాం. అపాయం మాత్రం మా పక్కనే తాడు ముక్క రూపంలో కూర్చుంది. మంచి రోలర్ కోస్టర్ దీనికి తారుమారు. భయాన్ని అట్లాగే ఉంచి, అపాయాన్ని వీలైనంత తీసేయటానికి ఇంజనీర్లు వందేళ్ళకు పైగా శ్రమించారు.

యంత్రానికి ఉన్న కడచీలలు

మా ఎడ్లబండి చక్రం భూమి మీద బరువుతో ఆని నిలుస్తుంది. కోస్టర్ చక్రాలు అట్లా కాదు. పట్టా పైన కొన్ని, పక్కన కొన్ని, అడుగున కొన్ని ఉండి పట్టాను మూడు వైపులా పట్టుకుంటాయి. అడుగు చక్రాలకు 1919లో పేటెంటు పొందినవాడు జాన్ మిల్లర్. అవి ఉన్నంతవరకు బండి పట్టా నుంచి పైకి లేవదు.

గుట్ట ఎక్కేటప్పుడు 'టక టక టక' మని ఒక చప్పుడు వస్తుంది. చాలామందికి అదే భయం. నిజానికి అది అభయం! గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఒక ఇనుప నాలుక పళ్ళమీద పడుతూ చేసే చప్పుడది. సైకిలు ఫ్రీవీలులో వినిపించే టకటక కూడా ఇటువంటి నాలుకదే.

ఇక మూడవది రైల్వే పద్ధతి. దారిని ముక్కలుగా విభజించి, ఒక ముక్కలో బండి ఉండగా ఇంకో బండిని అందులోకి వదలరు. చాలా కోస్టర్లలో బ్రేకులు తెరవటానికే గాలి ఒత్తిడి కావాలి. గాలి పోతే బ్రేకులు వాటంతటవే మూసుకుంటాయి. ఒళ్ళోకి దిగే కడ్డీలు బిగియనిదే బండి కదలదు. పొద్దున్నే జనం రాకముందు ఖాళీ బండిని నడిపి చూస్తారు.

ఇన్ని ఉండగా ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి? 2015 జూన్ 2న ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్‌లో 'స్మైలర్' అనే కోస్టర్ మీద ఒక ఖాళీ బండి మధ్యలో నిలిచిపోయింది. యంత్రం తన ధర్మం ప్రకారం వెనక బండిని ఆపింది. దారిలో బండి ఉందని గమనించని సిబ్బంది యంత్రం మాట తోసివేసి 16 మందితో ఉన్న బండిని వదిలారు. రెండూ గుద్దుకున్నాయి. ఇద్దరు యువతులు ఒక్కొక్క కాలు పోగొట్టుకున్నారు. కోర్టు ఆ సంస్థకు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. మన దేశంలో 2019 జూలైలో అహమ్మదాబాదు కాంకరియా దగ్గర లోలకంలా ఊగే యంత్రం విరిగిపడి ఇద్దరు మరణించారు. యంత్రం ఆగమన్నప్పుడు ఆగాలి, అరిగిన ఇనుమును అరిగిందని ఒప్పుకోవాలి. చూసి కూడా ఊరుకోవటమే అసలు అపాయం.

వెళ్ళదలచిన మిత్రులకు

పండుగ సెలవులు, ఆదివారాలు మానండి. మామూలు రోజున, గేటు తెరిచే వేళకు ఉండండి. గుంపుగా వెళ్తుంటే, లేదా కాలేజీ గుర్తింపు కార్డు ఉంటే రాయితీ ఉందేమో ముందే కనుక్కోండి. మా తరగతికి తగ్గిన డబ్బు మధ్యాహ్నం భోజనాలకు సరిపోయింది.

వెళ్ళగానే పెద్ద కోస్టర్ ఎక్కి, నీళ్ళ ఆటలు మధ్యాహ్నానికి ఉంచుకోండి. తడి బట్టలతో వరసలో నిలబడే బాధ తప్పుతుంది. కడుపు నిండా తిని ఎక్కవద్దు, అట్లాగని పస్తు కూడా ఉండవద్దు. వాన, ఉరుములు వస్తే బయటి యంత్రాలు ఆపుతారు. అప్పుడు సిబ్బందితో తగాదా పెట్టుకోవద్దు.

వరస చూసి బెంబేలు పడకుండా లెక్క కట్టండి. బండికి 24 మంది, నాలుగు నిమిషాలకు ఒక బండి అనుకుంటే గంటకు 360 మంది. మీ ముందు 180 మంది ఉంటే అరగంట. ఆగాలో, ఇంకోటి చూసుకోవాలో తేలిపోతుంది.

ముందు సీటులో దృశ్యం బాగుంటుంది. వెనక సీటులో దూకుడు ఎక్కువ. బండిలో సగానికి పైగా గుట్ట దాటేసరికి వేగం అందుకుంటుంది కనుక వెనకవాళ్ళను శిఖరం మీదుగా విసురుగా లాగేస్తుంది. మొదటిసారి ఎక్కేవారికి మధ్య సీటు మేలు.

ఎత్తు కొలిచే గీత దగ్గర పిల్లల్ని మునివేళ్ళ మీద నిలబెట్టి మోసం చేయవద్దు. ఒళ్ళోకి దిగే కడ్డీ కొలతను బట్టే ఆ గీత పెడతారు. గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణులు ఎక్కకూడదు. చున్నీ, వేలాడే జడ, జేబులో ఫోను, వదులు చెప్పులు, కళ్ళజోడు, వీటి సంగతి ఎక్కకముందే చూసుకోవాలి. అన్నిటికీ మించి కడ్డీ బిగిసిన తరువాత ఒకసారి పైకి లాగి చూడండి. కదిలితే చెయ్యెత్తి పిలవండి. పక్కవాడు నవ్వితే నవ్వనివ్వండి.

చివరికి నేనూ ఎక్కాను. అక్కడి కోస్టర్ ముందుకు పోయిన దారినే మళ్ళీ వెనక్కి వస్తుంది. ముందుకు పోయేటప్పుడు లెక్కలన్నీ గుర్తున్నాయి. వెనక్కి వచ్చేటప్పుడు ఒక్కటీ గుర్తులేదు, అందరితోపాటు అరిచాను. దిగిన తరువాత కాళ్ళు వణుకుతుంటే ఇంటికి ఫోను చేశాను. "డబ్బులిచ్చి భయపడటమేందిరా?" అని మా అమ్మ నవ్వింది. మా నాయన ఫోను తీసుకుని ఎంత ఎత్తు అని అడగలేదు, ఎంత వేగం అని అడగలేదు.

"కడ్డీ లాగి చూసుకున్నావా?" అన్నాడు.

"రెండుసార్లు చూసుకున్నా నాయనా" అన్నాను.

కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయితే ఈసారి చెల్లెల్ని కూడా తీసుకుపో" అన్నాడు.